ఏడు నుంచి ఏడుంపావు దాకా

“ఆవిడ లోపలికొస్తే నేను బయటికి పోతా,” అన్నాడు బేకరీ ఆయన, తలుపుకి అడ్డంగా నిలబడి.

మెట్ల మీద సరంగు భార్య ఆగిపోయింది. లాంచీ మునిగి పదకొండు నెలలైంది. నలభై ఒక్కమంది పోయారు. దాన్ని నడిపిన సరంగూ పోయాడు. పట్టేదానికి రెట్టింపు మందిని ఎక్కించుకున్నది అతనేనని మొదటి నివేదికలో రాశారు. పోయినవాళ్ల జాబితాలో అతని పేరు వేయలేదు. ఈ విచారణ ఆఫీసు హాల్లో అతని భార్యకి కుర్చీ కూడా దొరకలేదు.

“ఆవిడా మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషే,” అంది లైబ్రరీ అక్క. “నా పక్కన కూర్చుంటుంది. మీరు కాస్త అటు జరగండి.”

బేకరీ ఆయన గొణుక్కుంటూనే జరిగాడు. ఆమె మాటకి అక్కడ ఎవరూ ఎదురు చెప్పరు. ఊళ్లో లైబ్రరీ చూసుకునేది ఆమే. ఆమె భర్తకి పట్నంలో లాంచీల కంపెనీలో ఉద్యోగం, ఇంటికి వారానికోసారి వచ్చేవాడు. ఆ రోజు పొద్దున్నే ఇంట్లో ఫోను మాట్లాడి, పని మీద అవతలి ఒడ్డుకి వెళ్తూ అదే లాంచీలో పోయాడు. నెల తిరక్కుండానే ఆమె అందరి తరఫునా అర్జీలు రాయడం మొదలుపెట్టింది. ప్రతి మంగళవారం సెలవు పెట్టి ఈ బెంచీ మీదకి వచ్చేది.

“ఇంకో నెల తిరిగితే ఈ బెంచీ మన పేరున రాసిచ్చేస్తారు,” అన్నాడొకసారి బేకరీ ఆయన. కొడుకు పోయాక ఆయన నోట వచ్చిన మొదటి హాస్యం అది. అందుకని అందరూ కాస్త గట్టిగానే నవ్వారు.

లైబ్రరీ అక్క కూతురు మాత్రం ఇంట్లో విసుక్కునేది. “ఎన్నాళ్లమ్మా ఈ తిరుగుడు? కాగితాలొస్తే నాన్న తిరిగొస్తారా?”

“రారు.”

“మరి?”

“చల్లారిపోతోంది, తిను.”

ఇవాళ లోపలి తలుపు తెరుచుకుంది. “అమ్మా, సార్ ముందు మిమ్మల్ని ఒక్కర్నే రమ్మంటున్నారు,” అన్నాడు ప్యూను లైబ్రరీ అక్కతో.

విచారణాధికారి లేచి నిలబడి కుర్చీ చూపించాడు. మొదట్లో ఫైలు మీంచి తల ఎత్తకుండా మాట్లాడిన మనిషి.

“వచ్చిందండీ. రేవు ఆఫీసు ఫోనులో రికార్డయిన మాటలు. మీరడిగిన ఏడు నుంచి ఏడుంపావు దాకా. లేవన్నారు, పాడైపోయాయన్నారు. మీరు నా ప్రాణం తీస్తే, నేను వాళ్ల ప్రాణం తీశాను.”

“సరంగు ఏమన్నాడో ఉందా?”

“ఉంది. రెండుసార్లు వద్దన్నాడు.”

ఆమె కళ్లు మూసుకుని తెరిచింది. “చాలు. బయట అందరి ముందూ చదవండి.”

అతను కవరు మీంచి చెయ్యి తీయలేదు. “ఒక్క మాట. అర్జీ మీది. వెనక్కి తీసుకుంటే ఫైలు ఇక్కడితో మూసేస్తాను. సరంగు పేరు జాబితాలోకి ఎక్కించే దారి ఇంకేదైనా వెతుకుతాను. చదివామంటే మాత్రం ఆ మాటల్ని మళ్లీ లోపలికి తోయలేం. బయటున్నవాళ్లు ఇన్నాళ్లూ ఒక మనిషిని తిట్టుకుని బతికారు. ఇప్పుడు ఇంకో మనిషిని చేతికిస్తున్నాం.”

“మొదటి రోజే వచ్చి మీకు చెప్పాను సార్. నోటిమాట చెల్లదు, కాగితం కావాలన్నారు.”

“అప్పుడు మీరు చెప్పింది నమ్మలేదు. అలా ఎవరైనా వచ్చి చెప్తారా అనుకున్నాను.”

“ఇప్పుడు కాగితముందిగా.” ఆమె లేచింది. “సరంగు భార్య దుకాణానికెళ్తే తూకం వేసేవాడు లేడు. కూతురికి పుస్తకం కావాలని మా లైబ్రరీకొచ్చింది. ఇస్తే, ఇచ్చినందుకు ఏడ్చింది. పదండి.”

హాల్లో అధికారి నిలబడే చదివాడు. గొంతు పెంచలేదు.

“సరంగు: లోడు ఎక్కువైంది సార్, సగం మందిని దించేస్తా. అవతలి గొంతు: రెండో లాంచీ చెడిపోయింది, అందర్నీ ఎక్కించెయ్. సరంగు: గాలి కూడా బాలేదు సార్, వద్దు. అవతలి గొంతు: నేనూ అందులోనే వస్తున్నాగా, ఏం కాదు. తియ్యనంటే రేపట్నుంచి పనిలోకి రాకు.”

సరంగు భార్య రెండు చేతులతో మొహం కప్పుకుంది. “వద్దన్నాడా? వద్దన్నాడా?” అని తనని తనే అడుగుతోంది.

బేకరీ ఆయన లేచాడు. ఏం చేయాలో తోచక తన కుర్చీని ఈడ్చుకొచ్చి ఆమె పక్కన వేసుకుని కూర్చున్నాడు. “తప్పయిపోయిందమ్మా,” అన్నాడు. “నా కొడుకు పోయిన మంటలో నోటికేదొస్తే అదన్నాను.”

ఆమె తల ఊపింది.

కాసేపటికి ఆయన అధికారి వైపు తిరిగాడు. “ఆ అవతలి గొంతు ఎవరిది సార్? తనూ వస్తున్నానన్నాడంటే, వాడూ మునిగే ఉంటాడు. మేం కూర్చుని ఏడ్చిన ఆ జాబితాలోనే ఉండుంటాడు. పేరు చదవండి.”

“చదవండి సార్,” అన్నారు వెనకనుంచి నలుగురైదుగురు.

అధికారి కాగితం వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్లీ చూశాడు, కానీ చదవలేదు.

లైబ్రరీ అక్క సరంగు భార్య భుజం మీద చెయ్యి వేసి లేచి, ముందుకి నడిచి అందరి వైపు తిరిగింది.

“మా ఆయన,” అంది.