రెండు రాగి తీగలు

కంబన్న వచ్చాడని వినగానే సుంకన్న లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎర్రగుంట్లలో రైలెక్కి, ద్రోణాచలంలో బండి మారి, మే నెల ఎండలో కర్నూలు పక్కనున్న కల్లూరు దాకా వచ్చాడు కంబన్న. తోడుగా అతని అక్క ఈరక్క వచ్చింది. సుంకన్న భార్య ఉరుకుందమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఏడాదిగా ఆయన ఇంతేననీ, కాలేజీలో ఉద్యోగం ఇస్తామన్నా పోలేదనీ, కాగితం కూడా ముట్టడం లేదనీ చెప్పుకుంది.

మిత్రులిద్దరూ ఉత్తరాదిలోని ఒక పరిశోధనశాలలో కలిసి పనిచేశారు. అతి చల్లని ద్రవ హీలియంలో ముంచితే కొన్ని లోహాల్లో కరెంటు ఏ అడ్డూ లేకుండా పోతుంది. అలాంటి తీగ చుట్టి అయస్కాంతం తయారుచేయాలని వాళ్ల ప్రయత్నం. చిక్కంతా, బయటి నుంచి ఆ చలిలోకి కరెంటు తీసుకుపోయే రెండు రాగి తీగలతోనే. లావుగా ఉంటే బయటి వేడి వాటి వెంట లోపలికి దిగుతుంది. సన్నగా ఉంటే అవే కాగిపోతాయి.

సుంకన్న లెక్కకట్టి సన్నవి చాలన్నాడు. కరెంటు పెంచగానే హీలియం ఒక్కసారిగా మరిగి గాజు పాత్ర పేలిపోయింది. మర్నాడే అతను రాజీనామా రాసిచ్చి కల్లూరు చేరాడు.

కంబన్న తలుపు దగ్గర కుర్చీ వేయించుకున్నాడు.

"ల్యాబులో వాళ్లు మళ్లా మొదలుపెడతాండారు. నీ పాత లెక్కతోనే," అన్నాడు. "నువ్వు దిద్దకపోతే మళ్లా పేలుతుందప్పా."

కంబన్న కదల్లేదు. పొద్దు వాలాక తలుపు తెరుచుకుంది.

మూడు రోజులు కూర్చున్నారు. సుంకన్న రాసిందల్లా పైకి చదవాలి. అది కంబన్న పెట్టిన షరతు. తీగ లావు పెంచి చూశాడు, తగ్గించి చూశాడు. ఏ లెక్కా నిలవలేదు. మూడో రోజు మధ్యాహ్నం చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

"మరిగిన హీలియం ఆవిరి ఊరికే పైకి పోతాండాది. అదీ శానా చల్లనిదే. తీగను గొట్టంలో పెట్టి, ఆ ఆవిరిని దాని వెంబడే పోనిస్తే? తీగలోని వేడిని అదే పైకి ఎత్తుకపోతాది."

కంబన్న మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. ఒకచోట అంకె తప్పని ఆపి దిద్దించాడు. సాయంత్రానికి పరిశోధనశాలకు ఉత్తరం సిద్ధమైంది. పాత లెక్క తప్పని, ఆ తప్పు తనదేనని సుంకన్న మొదటి వాక్యంలోనే రాశాడు.

బండి వేళయింది.

"నీ ముందరికి వచ్చే ధైర్యం లేకపోయె కంబన్నా," అన్నాడు సుంకన్న.

"ఇప్పుడు వస్తివి గదా," అన్నాడు కంబన్న.

ఈరక్కను ఆగమని, సుంకన్నే కంబన్న చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దింపాడు.

ఆ రోజు గాజు పాత్ర పేలినప్పుడు దాని మీదికి వంగి హీలియం మట్టం చూస్తున్నది కంబన్నే; అతని కళ్లు కడసారిగా చూసింది ఆ మట్టాన్నే.