మిగిలిన నట్టు

ఒడ్డున ఇంజిను సామాన్లు పరిచిన గోనెపట్టా మీద నట్టు ఒకటి మిగిలిపోయింది.

గోవింద్ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. కనెక్టింగ్ రాడ్డుకు బిగించే నట్టే, సందేహం లేదు. తలెత్తి చూస్తే పడవ అప్పటికే ఒడ్డు కెరటాలు దాటేసింది. పడవలో తండ్రి కూర్మయ్య ఒక్కడే ఉన్నాడు. గోవింద్ సొంతంగా గీసి, కోసి, బిగించిన మూడు సిలిండర్ల ఇంజిను మొదటిసారి నీళ్ల మీద పరుగెడుతోంది.

"ఏటిరా, అలాగ బిగుసుకుపోనావు?" అంది తల్లి దాలమ్మ.

"అమ్మా, ఇది ఇంజిను లోపలుండాల్సిన నట్టు. ఒకటి లేకపోయినా రాడ్డు ఊడి, ఇంజిన్ని సీల్సుకుని బైటికొచ్చేస్తాది. పడవకి సిల్లు పడతాది."

దాలమ్మ లబోదిబోమంది. "ఓలమ్మో! మీ అయ్యని ఎనక్కి పిలవరా!"

పిలిస్తే వచ్చే మనిషా? బయల్దేరేముందే గోవింద్ బతిమాలాడు. "అయ్యా, ఒడ్డు మీద ఒక పూట తిప్పి సూద్దాం. క్రాంకు మూడు వంకలూ మూడు పక్కలకి తిప్పి పెట్టినాను గానీ, తూకం కుదిరినాదో లేదో నాకే తెల్దు."

గోనెపట్టా మీద కూర్చుని చుట్ట ముట్టిస్తున్న కూర్మయ్య మీసం దువ్వాడు. "నా కొడుకు సేసిన ఇంజినుకి పరీచ్చేటి? నడిసంద్రం దాకా ఎల్తాను. కూర్మయ్య ఎక్కిన పడవ ఎనక్కి తిరగదు!" అదంతా ఇంజిన్ని రేకుడబ్బా అని వెక్కిరించిన పక్క పడవ గంగరాజు వినాలని. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు.

గోవింద్ తలకు చుట్టిన ఎర్ర తువ్వాలు లాగి నీళ్లలోకి పరుగెత్తాడు. "అయ్యా! తిప్పెయ్! ఎనక్కి తిప్పెయ్!"

కేక కెరటాల హోరులో కలిసిపోయింది. కానీ తువ్వాలు ఒక్కసారి గాల్లో ఊపాడో లేదో, పడవ మూతి ఒడ్డువైపు తిరిగింది. అంత దూరం నుంచి ఎలా చూశాడో మహానుభావుడు! ఇంజిను చప్పుడు ఎక్కడ తడబడుతుందోనని గోవింద్ చెవులు రిక్కించాడు. పడవ ఇసుకను తాకగానే గెంతి ఎక్కి ఇంజిను ఆపేశాడు.

"ఏటిరా ఇది? నడిసంద్రానికి ఎల్లేవోణ్ణి మద్దిలో పిలుపేటి?" కూర్మయ్య గంగరాజుకు వినపడేలా కసిరాడు. కోపంతో కాబోలు, చుక్కాని మీద పట్టు ఇంకా సడలించలేదు.

గోవింద్ ఇంజిను పక్కమూత విప్పి లోపల తడిమాడు. మొదటి రాడ్డుకు రెండు నట్లు. రెండో రాడ్డుకు రెండు. చెమట కళ్లలోకి కారుతోంది. మూడో రాడ్డుకూ రెండూ ఉన్నాయి. అన్నీ బిర్రుగా ఉన్నాయి.

"ఆమదాలవలసలో ఆరే కొన్నాను గదా అయ్యా. మరి ఇదెక్కడిది?" అంటూ అరచేతిలో నట్టు చూపించాడు.

కూర్మయ్య అటూ ఇటూ చూశాడు. గంగరాజు దూరంగా ఉన్నాడని రూఢి చేసుకుని కొడుకు చెవి దగ్గరికి వంగాడు.

"మన పాతింజినుదిరా. పట్టా మీద నానే ఎట్టినాను. నువ్వు పిలవకపోతే నానెలాగ ఎనక్కొస్తాను?"