శనివారం వాళ్లు, ఆదివారం వాళ్లు

శనివారం వాళ్లు వెళ్తూ వెళ్తూ కిటికీలన్నీ బిగించేస్తారు. ఆదివారం వచ్చేవాళ్లకి ఆ మేడమీది గది కుతకుత.

కావాలనే చేస్తున్నారని ఆదివారం ఆట నడిపే మందుల షాపాయన నమ్మకం.

ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు అందులో వీరులై, మాంత్రికులై, పాచికలు విసిరి ఆడే ఆట అది. మొన్నమొన్నటిదాకా అందరిదీ ఒకే బల్ల. గాయపడ్డ వీరుడు మందు తాగిన వెంటనే కత్తి దూయొచ్చా, ఆగాలా అన్న దగ్గర పేచీ వచ్చింది.

“మందన్నాక పనిచెయ్యడానికి టైం పడుతుంది,” అన్నాడు షాపాయన.

“అది మంత్రాల మందు బావా, నీ షాపులోది కాదు,” అన్నాడు బావమరిది.

అంతే. బావమరిది సగంమందిని వెంటేసుకుని శనివారానికి మారిపోయాడు.

ఆదివారానికి మిగిలింది ముగ్గురు. ఇంకొక్కరు లేచారంటే ఏళ్లనాటి కథ మూతపడుతుంది. సరిగ్గా అప్పుడే ఓ పెద్దాయన వచ్చి, నేనూ ఆడొచ్చా అన్నాడు.

గడువు తేదీ చూడనిదే షాపాయన దేన్నీ నమ్మడు. ఈయన మీద ఏ తేదీ కనబడలేదు.

పెద్దాయనకి పాచిక పట్టుకోవడమే రాదు. ప్రశ్నలు మాత్రం తెగ అడిగేవాడు. విడిపోకముందు ఎవరెక్కడ కూర్చునేవారు, ఎవరు నవ్వించేవారు అని. శనివారం కూడా ఆయన ఆ మెట్లెక్కుతున్నాడని కింద టైలరు చేరవేశాడు.

ఇంకేముంది, బావమరిది పంపిన గూఢచారే. పరీక్షిద్దామని షాపాయన ఆయన చెవిలో ఓ అబద్ధం వేశాడు, మా నిధి బావిలో ఉంది అని. అటునుంచి బావి ఊసే రాలేదు. ఎంత బాగా దాస్తున్నారో చూశారా అని మిగతా ఇద్దరి దగ్గరా ఆశ్చర్యపోయాడు.

ఓ వారం వైద్యుడి మాట వచ్చింది. వైద్యుడంటే ఆ పాత్ర వేసినతను. అక్కడ అందరికీ పాత్రల పేర్లే తప్ప అసలు పేర్లు తెలియవు. విడిపోయిన దగ్గర్నుంచి అతను ఇటు రాలేదు.

“వాడా? ఇన్నేళ్లూ నా పక్కనే కూర్చుని అటు దూకేశాడు. విశ్వాసం లేని మనిషి,” అన్నాడు షాపాయన.

“అలా అనకండి,” అన్నాడు పెద్దాయన, పాచిక కింద పెట్టేసి.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే కదా. షాపాయన కథలోనే ఆయన పాత్రని కొండమీంచి తోయించేశాడు.

“అయితే నేనిక రాకూడదా అండీ?”

“పాత్ర పోయాక మనిషికి ఇక్కడేం పనండీ.”

పెద్దాయన కుర్చీ చప్పుడు కాకుండా లోపలికి జరిపి వెళ్లిపోయాడు.

మర్నాడు బావమరిది తలనొప్పి మాత్రకి షాపుకొచ్చాడు.

“నీ గూఢచారిని మొన్ననే నదిలో ముంచేశాం బావా.”

“నా గూఢచారేంటి? ఆయన నీ మనిషి కదా?”

“నాకెవరో తెలీదు. వైద్యుణ్ణి లాక్కున్నది చాలక ఈయన్ని కూడా నువ్వే పంపావనుకున్నా.”

“వైద్యుడు నీ దగ్గరే ఉన్నాడుగా?”

షాపాయన షట్టరు దించాడు.

ఓ వానరోజు బావమరిది వైద్యుణ్ణి బండిమీద ఓ ఇంటి గేటు దాకా దింపాడు. అక్కడికే వెళ్లి తలుపు కొట్టారు.

తలుపు తీసింది పెద్దాయన.

“మావాడు లేడండీ. మీరు విడిపోయిన వారమే పోయాడు. వాడు రోజూ చెప్పే బల్ల మీ ఇద్దరిలో ఎవరిదో తెలీక, రెండుచోట్లా కూర్చున్నాను.”

రెండుచోట్లా కొడుకు మీద తిట్లే విన్న ఆ తండ్రి లోపలికి రమ్మని పక్కకి తప్పుకున్నాడు కానీ, బావాబావమరుదులు ఇంకా గుమ్మంలోనే ఉన్నారు, ఏమని మొదలుపెట్టాలో మీకెవరికైనా తెలిస్తే కాస్త చెప్పండి బాబూ.