అదిరింది బావా!

హాస్టల్ వంటమాస్టరు తన బావమరిదికి మరో ప్లేటు చెప్పాడు.

"కంగారు పడకు, నిదానంగా తిను. ముందు ఏం తగులుతోంది? కారమా, పులుపా?"

"రెండూ తగులుతున్నాయి బావా. అదిరింది!" అన్నాడు బావమరిది, ముద్దని ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చుకుంటూ.

అది యూనివర్సిటీకి కాస్త దూరంలో ఉన్న ఊరు. బస్టాండు వెనక సందులో, రేకుల కప్పు కింద చిన్న హోటలు. ఆదివారం మధ్యాహ్నం అక్కడ కూర్చోవడానికి చోటు దొరకదు. నిలబడి తింటున్న వాళ్ళలో సగం మంది మాస్టరు హాస్టల్ పిల్లలే. ఆయన్ని చూసి ఒకరిద్దరు మొహం తిప్పుకున్నారు. ఒకడు మాత్రం "మాస్టారూ, మీరు కూడానా!" అని పకపకా నవ్వాడు. మాస్టరూ నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు?

ఒకప్పుడు ఆ క్యాంపస్‌లో ఆయన వంటకి తిరుగులేదు. పక్క హాస్టల్ పిల్లలు గోడ దూకి వచ్చి మరీ తినేవారు. ఈ మధ్య ఏమొచ్చిందో, పళ్ళాల్లో అన్నం సగానికి సగం చెత్తడబ్బా పాలవుతోంది. సెలవొస్తే చాలు, పిల్లలు చుట్టుపక్కల ఊళ్ళ మీద పడుతున్నారు. వార్డెన్ పిలిచి మొహం మీదే చెప్పేశాడు.

"నెలాఖరుకి కమిటీ వచ్చి మీ వంట తింటుంది మాస్టరూ. బాగుంటే ఉంటారు. లేదంటే మెస్సు బయటి కాంట్రాక్టరుకి ఇచ్చేస్తాం. క్వార్టర్సు కూడా ఖాళీ చేయాల్సి వస్తుంది."

అప్పుడు మొదలైంది ఈ ఊళ్ళు తిరగడం. పిల్లలు ఎక్కడికి పోతే మాస్టరు అక్కడికి. ఏటి ఒడ్డున చేపలు కాల్చి పెట్టే పాక, లారీలు ఆగే చోట తెల్లవార్లూ పొయ్యి ఆరని హోటలు, సంతలో నిలబడి తినే బండి, ఏదీ వదల్లేదు. పక్కన బావమరిది ఉండాల్సిందే.

ఈ బావమరిది పని తప్ప అన్నీ వచ్చినవాడు. అక్క ఇంట్లో తిష్ట వేసి చాలా కాలమైంది. ఇలాంటి యోగం పడుతుందని వాడు కలలో కూడా అనుకోలేదు. మాస్టరేమో రెండు మెతుకులు కతికి ఆపేసేవాడు. కూరలో ముక్కని వేళ్ళతో నొక్కి చూసేవాడు. పైన తేలిన నూనె రంగు చూసేవాడు. మిగతా సేపంతా బావమరిది మొహంలోకి చూస్తూ కూర్చునేవాడు. బావమరిది నోటికి ఏ మాట ముందొస్తే ఆ మాట చెప్పేవాడు.

ఒకే ఒక్కసారి, "బాగాలేదు బావా" అన్నాడు. మాస్టరు ఆ క్షణమే లేచి చెయ్యి కడుక్కున్నాడు. సగం ప్లేటు బల్ల మీదే ఉండిపోయింది. బావమరిది ప్రాణం ఉసూరుమంది. ఇక ఎప్పుడూ వాడి నోట ఆ మాట రాలేదు.

"వాణ్ణి ఇలా మేపడం దేనికండీ? నన్నెప్పుడైనా తీసుకెళ్ళారా?" అంది మాస్టరు భార్య.

"డాక్టరు నీకు ఉప్పూ కారం మానిపించాడాయె. నువ్వొచ్చి ఏం తింటావే?"

నిజానికి ఆమెకి భర్త మీద కోపం నిలిచేది కాదు. ఈ మధ్య ఆయన కూడా ఆమె చప్పిడి కూరే కిక్కురుమనకుండా తింటున్నాడు. విడిగా వండనివ్వడం లేదు. తన కోసం నోరు కట్టుకున్నాడని ఇరుగుపొరుగుకి చెప్పుకుని మురిసిపోయేది పాపం.

ఊరి నుంచి రాగానే మాస్టరు మెస్సులో అదే కూర వండేవాడు. మొదటి గరిటె బావమరిదికే.

"అదిరింది బావా! వాళ్ళదేపాటి, నీ చెయ్యే చెయ్యి!"

పిల్లలు మాత్రం పారబోస్తూనే ఉన్నారు. మాస్టరుకి ఏమీ అంతుపట్టేది కాదు.

కమిటీ వచ్చే రోజు రానే వచ్చింది. మాస్టరు కూర దించి, గరిటెతో కాస్త తీసి బావమరిదికి అందించాడు.

"ఈ ఒక్కరోజు నిజం చెప్పరా. నా బతుకు దీని మీద ఉంది."

బావమరిది చప్పరించాడు. ఉప్పు కషాయం. నోరు తెరవబోయి ఆగిపోయాడు. ఇంతమందికి వండి పెట్టిన చెయ్యి, ఆ చేతికి ఉప్పు గురించి తను చెప్పడమేమిటి? ఏదో లెక్కతోనే వేసి ఉంటాడు. పైగా బాగాలేదంటే వచ్చే ఆదివారం ఉండదు.

"అదిరింది బావా!"

మాస్టరు భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. చాలా రోజుల తర్వాత ధైర్యంగా వడ్డనకి వెళ్ళాడు.

మొదటి ముద్దకే వార్డెన్ మంచినీళ్ళు అడిగాడు. ఒక పెద్ద ప్రొఫెసరు నోట్లోది చేతిలోకి ఊసేశాడు. ఎవరూ కేకలెయ్యలేదు. కేకలేసినా బాగుండేది.

"సామాను సర్దుకోండి మాస్టరూ," అన్నాడు వార్డెన్, గొంతు తగ్గించి.

కమిటీ వెళ్ళిపోయింది. వంటగదిలో ఇద్దరే మిగిలారు. మాస్టరు బావమరిది వైపు అదోలా చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు బావమరిది తట్టుకోలేకపోయాడు.

"నన్నలా చూడకు బావా! నేనంటే తిండిపోతుని, ఏది పెట్టినా బాగుందంటాను. ఇంత వంటవాడివి, ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని చూసుకోలేకపోయావా?"

"పోయినేడు జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి నా నోటికి ఏ రుచీ తెలియడం లేదురా, అందుకేగా నిన్ను ఊరూరా తిప్పి తినిపించింది!"