ఆపరేషన్ అప్పు

"పట్టపగలు ఆ లైటెందుకు?"

గుమ్మంలో చెప్పులైనా విప్పకుండానే అడిగాడు స్టోర్‌కీపర్.

"అమ్మాయి చదువుకుంటోందండీ," కుట్టుమిషను ఆపి చెప్పింది భార్య.

"కిటికీ దగ్గర కూర్చుని చదివితే అక్షరాలు పారిపోతాయా?"

కూతురు లేచి లైటార్పింది. ఆమె కళ్లజోడు కాడ విరిగి చాలా రోజులైంది. టేపు చుట్టి నెట్టుకొస్తోంది. అద్దాలు కూడా మార్చాలని కాలేజీకి వచ్చిన కళ్ల డాక్టరు చెప్పి వెళ్లాడు. ఆ మాట తండ్రి చెవిన వేయడానికి తల్లీకూతుళ్లిద్దరూ మంచి సమయం కోసం చూస్తున్నారు. ఆ ఇంట్లో అలాంటి సమయం అంత తేలిగ్గా వచ్చేది కాదు.

అతను పనిచేసేది రంగుల గోడౌన్లో. సొంత ఇంట్లో మాత్రం ఏ గోడకీ రంగు మిగల్లేదు. సబ్బు అరిగి గోరంత అయితే కొత్త సబ్బుకి అతికించి వాడాలి. పాలు నీళ్లలా ఉండాలి. టీ పొడి రెండోసారి కూడా మరగాలి. పొదుపు గురించి మాట్లాడేటప్పుడు స్టోర్‌కీపర్ గొంతు సభలో మైకు ముందు నిలబడినట్టు ఖంగుమనేది. వినేవాళ్లు ఇద్దరే అయినా, వాళ్లకి లేచి వెళ్లిపోయే దారి లేదు కాబట్టి సభ ఎప్పుడూ నిండుగానే ఉండేది.

ఆ రాత్రి అన్నాల దగ్గర తల్లే ధైర్యం చేసింది.

"ఏమండీ, అమ్మాయికి కళ్లజోడు మార్చాలట."

"మార్చు. ఎవరొద్దన్నారు?" ముద్ద కలుపుతూ నవ్వాడతను. "బంగారు ఫ్రేమే పెట్టించు. నీ ఆపరేషన్ అప్పు నేను తీరుస్తుంటాను, మీరిద్దరూ సోకులు చేసుకోండి."

ఆమె అతని కంచంలో మజ్జిగ పోసింది. ఆ మాట దగ్గర ఎప్పుడూ ఆమె నోరు పడిపోతుంది.

కూతురు ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడు తల్లికి పేగుకి ఆపరేషన్ అయింది. స్టోర్‌కీపర్ ఫైనాన్సు కొట్టులో అప్పు తెచ్చాడు. ప్రాణం దక్కింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఏది అడిగినా 'నీ ఆపరేషన్ అప్పు' అడ్డం పడేది. తను బతికుండడమే ఇంటికి దండగ ఖర్చులా అనిపించేది ఆమెకి. అందుకే స్కూలు యూనిఫారాలు కుట్టడం మొదలుపెట్టింది. వచ్చింది వచ్చినట్టు భర్త చేతిలో పోసేది. అతను ప్రతి నెలా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వాయిదా కట్టడానికి స్వయంగా వెళ్లి వచ్చేవాడు. తిరిగొచ్చాక కుర్చీలో కూలబడి నిట్టూర్చేవాడు.

"ఆ ఫైనాన్సు వాడి ముందు చేతులు కట్టుకుని నిలబడలేక చస్తున్నాను. అంతా నీ పుణ్యమే."

ఆమె మంచినీళ్లు తెచ్చిచ్చేది.

ఓ ఆదివారం వరండాలో బల్బు కరెంటు ఎక్కువ తాగుతోందని, దాన్ని తీసి చిన్నది వేయడానికి స్టూలెక్కాడు స్టోర్‌కీపర్. ఆ స్టూలు ఊగుతోందనీ, మార్చాలనీ భార్య ఎప్పటినుంచో మొత్తుకుంటోంది. మార్చడం దుబారా అని అతను తీర్మానించి ఉన్నాడు. పొదుపు మీద అంత పట్టున్న మనిషి స్టూలు మీద మాత్రం పట్టు నిలుపుకోలేకపోయాడు. కాలు విరిగింది. మోకాలి దాకా కట్టు కట్టి మంచానికి అప్పగించారు డాక్టర్లు.

ఇంతలో వాయిదా రోజు వచ్చింది.

"నేను వెళ్లి కట్టేసి వస్తానండీ," అంది భార్య.

"నువ్వా?" మంచం మీద ఉలిక్కిపడి లేవబోయి మూలిగాడు. "వద్దు. అది ఆడవాళ్లు వెళ్లే చోటు కాదు. వాడి నోరు మంచిది కాదు."

"ఒక్కరోజు ఆలస్యమైనా పెనాల్టీ వేస్తాడని మీరేగా చెప్పారు?"

"నేను ఫోన్లో మాట్లాడుకుంటాను. అప్పుల సంగతి నీకేం తెలుసని బయల్దేరావు? లెక్క రానివాళ్లు ఇల్లు కదలకుండా ఉంటే అదే పెద్ద పొదుపు."

నొప్పి మాత్ర వేసుకుని అతను నిద్రలోకి జారుకున్నాడు. ఆమె కాసేపు మిషను ముందు కూర్చుంది. పక్కగదిలో కూతురు పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకుని చదువుతోంది. తల్లి లేచి, ఆ నెల కుట్టుకూలి డబ్బు తీసి రెండు భాగాలు చేసింది. సగం కళ్లజోడుకి పక్కన పెట్టి, మిగతా సగం సంచిలో వేసుకుని బయటికి నడిచింది. బతిమాలితే ఈ ఒక్కసారికి వినడా? తిడితే పడదాం. ఇన్నేళ్లూ తన కోసం ఆయన పడలేదా?

దారి పొడవునా చెప్పాల్సిన మాటల్ని మనసులో మళ్లీ మళ్లీ అనుకుంటూనే ఉంది.

ఫైనాన్సు కొట్టు గాజు తలుపు తోసేసరికి లోపల కూరగాయల బండి మనిషి కళ్లొత్తుకుంటోంది.

"వర్షాలకి బేరాల్లేవయ్యా. పెనాల్టీ ఒక్కటీ తీసెయ్యి."

"నాకు మాత్రం జాలి లేదనుకున్నావా?" అన్నాడు కొట్టాయన. "నా పార్ట్‌నరు ఒప్పుకోడు. అప్పు తీసుకున్నవాడు అల్లాడితేనే గానీ దారికి రాడంటాడు."

 ఆమె ముందుకి జరిగి చేతులు కట్టుకుని నిలబడింది.

"ఎవరమ్మా మీరు?"

"రంగుల గోడౌన్ స్టోర్‌కీపర్ గారి భార్యనండి. ఆయనకి కాలు విరిగింది. వాయిదా కట్టడానికి నేనొచ్చాను." నేర్చుకున్న మాటలన్నీ ఒక్కసారిగా తోసుకొచ్చాయి. "ఈ నెలకి సగమే తెచ్చానండీ. మా అమ్మాయికి కళ్లజోడు కొనాలి. పై నెల కలిపి కట్టేస్తాను, నా మాట నమ్మండి. పెనాల్టీ మాత్రం వేయకండి."

కొట్టాయన గభాలున లేచాడు. తన కండువాతోనే కుర్చీ తుడిచి ఆమె ముందుకి జరిపాడు.

"అయ్యయ్యో, మీరు నిలబడ్డారేంటమ్మా! ముందు కూర్చోండి."

"పర్లేదండీ. ఆ అప్పు సంగతి..."

"మీకు అప్పేంటమ్మా? అదెప్పుడో తీరిపోయింది కదా!" విస్తుపోయి చూశాడతను. "ఈ కొట్టులో సగం వాటా మీ వారిదే!"