పదిహేను చుక్కలు

"పండగా పబ్బమా? దినామూ ఇంత ముగ్గేందిమా? ప్రొద్దుటూరు బస్సు పోతాది," అంది హిమజ, పిండి గిన్నెతో వాకిట్లో కూర్చుంటూ.

"పదిహేను చుక్కలకు ఒకటి తగ్గినా ఒప్పుకోను. మెలికలు తిప్పు," అంది గడప లోపల చక్రాల కుర్చీలో ఉన్న వనజమ్మ.

ఐదేళ్ల కింద చేతి వణుకుతో మొదలైన నరాల జబ్బు ఇప్పుడు ఆమె కాళ్లను కూడా లాగేసుకుంది. పిక్కలు మెలిపెట్టే నొప్పితో నిద్ర ఉండదు. అయినా తెల్లారేసరికి గడప దాకా కుర్చీ తోయించుకుంటుంది. తను వేయలేని ముగ్గు కూతురి చేత వేయించుకుని తృప్తిపడుతోందని హిమజ అనుకునేది. అందుకే గొణుక్కుంటూనే వేసేది.

ఈ రోజు నాలుగో వరుసలో, చుక్కల మధ్య నుంచి పోవాల్సిన గీత చుక్కను తాకింది. హిమజ చెరిపి మళ్లీ గీసింది. మళ్లీ తాకింది.

"చలికి చెయ్యి జారతాందిమా," అని నవ్వి, బ్యాగు తగిలించుకుని పోయింది.

వనజమ్మ ఆ గీత మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఈ జబ్బు పిల్లలకూ రావచ్చనీ, వస్తే ముందు చేతిలోనే తెలుస్తుందనీ డాక్టరు చెప్పినప్పుడు హిమజ మందుల షాపు దగ్గర ఉంది. ఆ మాట ఎవరికీ చెప్పకుండా, మూడేళ్లుగా రోజూ ఆమె కూతురి చేతినే చూసుకుంటూ వస్తోంది.

పాలకు పోతున్న ఎదురింటావిడ ఆగింది. "ఏంది వనజక్కా, ఈపొద్దు ముగ్గు వంకరపోయింది? ఎవరేసినారు?"

గ్లాసు కూడా పట్టలేని చేతులను వనజమ్మ కొంగు కింద దాచుకుంది.

"నేనే ఏసినా," అంది.