మేకుకు వేలాడే తాడుముక్క

“నా కొత్త వలను మింగిన తాడు ఇదేనండీ!”

వలల కొట్టాయన ప్రతి గిరాకీకీ గోడమేకుకు వేలాడే నారతాడు ముక్కను చూపిస్తాడు. వెంటనే నైలాన్ తాడు చుట్ట ముందుకు తోస్తాడు. ఇరవై ఏళ్లుగా అదే పాట.

ఆ రోజు ఓ ముసలమ్మ వచ్చి, సంచిలోంచి నారతాళ్లు తీసి బల్ల మీద పెట్టింది.

“వలను పడవకు కట్టుకునే తాళ్లు బాబూ. నా చేత్తో పేనాను.”

“నీ నారతాళ్లకో దండం పెద్దమ్మా! ఒకప్పుడు నేనూ చేపల వేటకెళ్లినవాణ్ణే. నీటికింద రాయికి వల చిక్కుకుంది. పుటుక్కున తెగిందీ దిక్కుమాలిన తాడు. మూడు నెలలు అల్లిన వల గంగపాలు!”

ముసలమ్మ మేకు దగ్గరికెళ్లి ఆ ముక్కను తడిమింది. దాని కొసన చిన్న ఎర్రగుడ్డ పీలిక.

“మరి పడవ?”

“పడవకేం? నిక్షేపంగా ఒడ్డుకొచ్చింది.”

“నువ్వూ వచ్చావుగా నాయనా. అది చాలు.”

“వల పోతే చాలంటావేంటి? వెళ్లు వెళ్లు, బేరం వేళ.”

ఆమె తాళ్లు సర్దుకుని వెళ్లిపోయింది. మాటవరసకైనా అతను కూర్చోమనలేదు.

ఆ వారమే కొట్టాయన తమ్ముడు వేటకు బయలుదేరాడు. అన్న స్వయంగా వలను పడవకు నైలాన్ తాడుతో కట్టాడు.

“ఏనుగు లాగినా తెగదురా!”

నిజంగానే తెగలేదు. రాయికి వల చిక్కుకుంది, అల మీద అల వచ్చింది, తాడు పడవను కిందికి లాగేసింది. పక్క పడవవాళ్లు చేరేలోగా అంతా అయిపోయింది.

నెల తర్వాత కొట్టు తెరిస్తే చూపు ముందు ఆ మేకు మీదికే పోయింది. ‘మరి పడవ?’ అన్న ముసలమ్మ ప్రశ్న అప్పటికి గానీ అతనికి అర్థం కాలేదు.

వాకబు చేసుకుంటూ ఆమె ఇంటికి వెళ్లాడు. కూతురు తలుపు తీసింది.

“అమ్మ పోయి పది రోజులైందండీ.”

లోపల దండెం నిండా తాళ్లు. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని పురి విప్పి చూశాడు. రెండే పాయలు.

“ఇంత పల్చగా పేనిందేంటమ్మా?”

“నాన్న పడవకు మూడు పాయల తాడు పేనిచ్చిందండీ. వల చిక్కుకున్నా అది తెగలేదు. నాన్న తిరిగి రాలేదు. ఇక అప్పట్నుంచీ రెండు పాయలే. తాడు పోయినా మనిషి ఇంటికి రావాలనేది. కొసన కట్టేది నాన్న చొక్కా పీలికే.”

అతను తాడు కొసకేసి చూశాడు.

ఎర్రగుడ్డ పీలిక.

కూర్చోమని కూడా అనకుండా తాను పంపేసిన ఆ ముసలమ్మే, ఇరవై ఏళ్ల కిందట తనను ప్రాణాలతో ఒడ్డుకు పంపిన మనిషి.